మే నెల దాటే క్రిస్మస్ చెట్టు: ఎంపిక నుంచి పెంపకం దాకా

డిసెంబరు రెండో వారానికి తిరుపతి, చిత్తూరు నర్సరీల్లో క్రిస్మస్ చెట్లన్నీ ముందు వరుసలోకి వస్తాయి. సంఘాల్లో సెమీ క్రిస్మస్‌లు, వీధుల్లో కేరల్స్ మొదలయ్యే రోజులవి. అప్పుడు ఏ చెట్టు చూసినా ముద్దుగానే ఉంటుంది. ఎండ మెత్తబడి, రాత్రులు చల్లబడే ఆ నెలలో ఏ మొక్కా అలగదు. దాని అసలు సంగతి బయటపడేది ఏప్రిల్, మే నెలల్లో. అందుకని చెట్టు కొనేటప్పుడు డిసెంబరు 25ను పక్కన పెట్టి, మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు మీ మేడ మీద ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఆ ఎండను లెక్కలోకి తీసుకునే.

ముందు మీ ఇంటికి ఏది సరిపోతుందో తేల్చుకోండి

గ్రీటింగ్ కార్డుల మీద కనిపించే చెట్టు ఫర్ జాతిది. ఐరోపాలో బాగా అమ్ముడుపోయే నార్డ్‌మన్ ఫర్ స్వస్థలం కాకసస్ పర్వతాలు. తోటల్లో అది మనిషెత్తు పెరగడానికి పదేళ్ల వరకూ పడుతుంది. దాన్ని నరికి తెచ్చి, మొదలును మళ్లీ ఒక అంగుళం కోసి, నీళ్ల తొట్టిలో నిలబెడతారు. అక్కడి చలి కూడా దాన్ని కాపాడుతుంది. మన దగ్గర డిసెంబరులోనూ పగటి వేడి 28, 30 డిగ్రీలు ఉంటుంది. ఎక్కడినుంచో తెప్పించినా పండుగ నాటికే ఆకు రాలుస్తుంది. ఆ ఆశ వదిలేయండి.

మనకున్నవి రెండు దారులు. ఒకటి, వారం పది రోజుల కోసం తెచ్చుకునే సరుగుడు కొన. రెండోది, ఏళ్ల తరబడి పెంచుకునే కుండీ మొక్క. వేసవి సెలవుల్లో ఇంటికి తాళం వేసి ఊరెళ్లేవారు, బాల్కనీ లేని అద్దె ఇంట్లో ఉండేవారు మొహమాటపడకుండా సరుగుడు వైపు వెళ్లండి. కుండీ మొక్కను కొని ఏప్రిల్‌లో ఎండగట్టి పారేయడం కన్నా అదే నయం.

ఊరికే దొరుకుతుంది కదా అని శేషాచలం అడవిలోనో, కొండ దారిలోనో కొమ్మ విరవకండి. రక్షిత అడవిలో పచ్చికొమ్మ నరికితే అది నేరమే అవుతుంది.

సరుగుడు కొన తెచ్చుకునేవారికి

తడ, సూళ్లూరుపేట వైపు తీర గ్రామాల ఇసుక నేలల్లో సరుగుడు తోటలు వేస్తారు. సర్వి అన్నా అదే చెట్టు. నిటారుగా పెరిగిన మానును సెంట్రింగ్ కర్రలకు, కాగితం మిల్లులకు అమ్ముతారు. పై కొనకు పెద్దగా గిరాకీ ఉండదు, చివరికి వంటచెరకులో కలిసిపోతుంది. మీకు కావలసింది అదే. కట్టెల అడితిలోనో, కర్రలు అమ్మే చోటో రెండు మూడు రోజుల ముందు చెప్పి ఉంచితే నాలుగైదు అడుగుల కొన తెప్పించి పెడతారు.

సరుగుడుకు ఆకులుగా కనిపించే సన్నని పుల్లలు నిజానికి ఆకులు కావు. ఒక పుల్లను చేతిలోకి తీసుకుని లాగితే కణుపు కణుపుగా ఊడి వస్తుంది. ఆ కణుపుల దగ్గర పొలుసుల్లా, కంటికి ఆననంత చిన్నగా ఉండేవే అసలు ఆకులు. తాజాదనం పరీక్షించడానికి కూడా ఆ పుల్లే ఆధారం. పచ్చిది వంచితే వంగుతుంది. నరికి రోజులు గడిచినది వంచీ వంచగానే పుటుక్కున విరుగుతుంది.

ఇంటికి తెచ్చాక మొదలును రంపంతో ఒక అంగుళం కోసి వెంటనే నీళ్లలో పెట్టండి. పాత కోత ఆరిపోయి నీరు పీల్చదు. ఖాళీ పెయింటు బకెట్‌లో గులకరాళ్లు, ఇసుక నింపి కొనను దిగ్గొట్టి, ఇసుక మీదికి నీరు తేలేదాకా పోయండి. రోజూ తగ్గిన మేరకు నింపుతూ ఉండాలి. డిసెంబరు 22, 23 తేదీల్లో నిలబెడితే కొత్త సంవత్సరం దాకా చూడటానికి బాగుంటుంది. కింద పాత దుప్పటి పరిస్తే రాలిన పుల్లలు ఊడవడం తేలిక.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి: దాని దగ్గర కొవ్వొత్తి వెలిగించకూడదు. సరుగుడుకు మంచి వంటచెరకుగా పేరుంది. ఎండితే ఎంత వేగంగా అంటుకుంటుందో పల్లెలో పొయ్యి వెలిగించినవారికి తెలుసు. పండుగ అయ్యాక ఏం చేయాలన్న బెంగ కూడా అక్కరలేదు. సంక్రాంతి ముందు పక్కింటివారు భోగి మంట వేస్తారు కదా, సంతోషంగా తీసుకుంటారు.

నర్సరీలో నిలబడి ఎంచుకోవడం

కుండీ మొక్క కావాలనుకుంటే డిసెంబరు దాకా ఆగకండి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కొంటే రెండు లాభాలు. ధర పండుగ ధర కాదు. పైగా మొక్క మీ ఇంటి గాలికి, మీ నీటికి అలవాటుపడటానికి మూడు నెలల గడువు దొరుకుతుంది.

'క్రిస్మస్ చెట్టు' అని అడిగితే మన నర్సరీల్లో మూడు వేరు వేరు మొక్కలు చూపిస్తారు. మూడింటికీ మే నెలలో మూడు రకాల జాతకాలు.

మొదటిది అరకేరియా. నిటారు కాండం, దాని చుట్టూ అంతస్తులుగా పరుచుకున్న కొమ్మలు, మెత్తని సూదుల్లాంటి ఆకులు ఉంటాయి. ఇందులోనూ నార్‌ఫోక్ ద్వీపం రకం, న్యూ కలెడోనియాకు చెందిన కుక్ పైన్ అని రెండున్నాయి. చిన్న వయసులో రెంటికీ తేడా పట్టుకోవడం కష్టం, నర్సరీల్లో ఒకే పేరుతో అమ్ముతారు. రెండూ పసిఫిక్ దీవుల చెట్లే కనుక వెచ్చదనం వాటికి కొత్త కాదు. భరించలేనిది మన పొడి వడగాలిని, నడినెత్తి ఎండను. నీడపట్టున పెడితే తిరుపతి వేసవిని గట్టెక్కుతుంది.

రెండోది తుజ. చదునైన విసనకర్రల్లాంటి కొమ్మలు నిలువుగా పేర్చినట్టు దట్టంగా ఉంటుంది. పార్కుల్లో, పాత ఆఫీసుల ముందు కనిపించేది ఇదే. ఎండను అరకేరియా కన్నా బాగా ఓర్చుకుంటుంది, కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది. నీడ అన్నదే లేని మేడ మీద పెంచేవారికి నా సలహా తుజే. అందం కొంచెం తక్కువే, ఒప్పుకుంటాను.

మూడోది బంగారు రంగు సైప్రస్. పసుపు కలిసిన లేతాకుపచ్చ, ఆకు నలిపితే నిమ్మ వాసన. మూడింటిలో కంటికి ముందు ఆనేది అదే, ముందుగా వద్దనుకోవలసినదీ అదే. అది చల్లని ప్రాంతపు మొక్క. పలమనేరు లాంటి ఎత్తైన చోట కొంతకాలం నెట్టుకొస్తుందేమో గానీ, మొగిలి ఘాటు దిగాక చిత్తూరు వేడిలో దాన్ని నిలపడం చాలా కష్టం. పూలగుత్తిలాగా నెల రోజుల ముచ్చట అనుకుని కొంటే అది వేరే సంగతి.

అరకేరియా ఎంచుకున్నారనుకుందాం. దాన్ని పైనుంచి కిందికి చూడండి.

కొన మొగ్గతో మొదలుపెట్టండి. కాండం చివర లేతాకుపచ్చ మొగ్గ చెక్కుచెదరకుండా ఉండాలి. అది విరిగితే ఆ చెట్టు మళ్లీ తిన్నగా పెరగడం కష్టం, పక్కనుంచి రెండు మూడు కొనలు లేచి వంకర తిరుగుతుంది. లారీలో పడుకోబెట్టి తెచ్చిన వాటిలో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది.

తర్వాత అంతస్తులు. కొమ్మల వరుసల మధ్య దూరం తక్కువగా ఉంటే మొక్క మంచి వెలుతురులో పెరిగిందని అర్థం. బారెడు ఖాళీలతో సాగిపోయినది చీకట్లో పెరిగినది. అడుగు వరుస తప్పకుండా ఉండాలి, ఎందుకంటే అరకేరియా రాల్చిన కింది కొమ్మ మళ్లీ రాదు. ఎంత ఎరువు వేసినా రాదు. అమ్మేవారు ఎండిన కింది కొమ్మలను కత్తిరించి శుభ్రంగా చూపిస్తారు. కాండం మీద గుండ్రని మచ్చలుంటే అక్కడ కొమ్మ ఉండేదన్నమాట.

కొమ్మ కాండాన్ని కలిసే మూలల్లో వేలు పెట్టి చూడండి. దూది అంటుకున్నట్టు తెల్లగా ఉంటే పిండినల్లి అనే పురుగు పట్టినట్టే. అలాంటిది ఉచితంగా ఇచ్చినా తేవద్దు, మీ ఇంట్లోని మందార మొక్కలకు కూడా పాకుతుంది.

చివరగా వేరు. "అన్నా, ఇది కవరులోనే పెరిగిందా, నేలలోంచి తీసి పెట్టారా?" అని అడగండి. "కవరులోదే మేడమ్, ఏడాది నుంచి ఇందులోనే ఉంది" అనే అంటారు. ఆ మాట విని ఊరుకోకుండా కాండాన్ని మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదపండి. మట్టితో పాటు కదిలితే వేరు పట్టింది. మట్టి కదలకుండా కాండం మాత్రమే ఊగితే అది మొన్న తవ్వి పెట్టినది. ఒకే కవరులో రెండు మూడు కాండాలున్న గుబురు మొక్కలు నిండుగా కనిపిస్తాయి గానీ, పెరిగేకొద్దీ ఒకదానికొకటి అడ్డు. ఒంటి కాండం ఉన్న రెండు మూడు అడుగుల మొక్క అన్నిటికన్నా మంచిది. ఆరడుగులది తెస్తే గొప్పగా ఉంటుంది, కానీ చోటు మారిన దెబ్బను చిన్న మొక్క తట్టుకున్నట్టు పెద్దది తట్టుకోదు.

ఇంటికి చేర్చి కుదురుకోనివ్వడం

కొమ్మలను మెల్లగా పైకి ముడిచి పాత నూలు చీర ముక్కతో వదులుగా చుట్టండి. ఆటోలో అయితే కుండీ కాళ్ల మధ్య పెట్టుకుని నిలబెట్టే తీసుకురండి. స్కూటరు మీద తెస్తే గాలికి అర గంటలోనే కొనలు వాడతాయి.

తెచ్చిన రోజే కుండీ మార్చాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. రెండు వారాలు తూర్పు బాల్కనీలోనో, చెట్టు నీడలోనో ఉంచండి. ఆ తర్వాత, పండుగకు ఇంకా కనీసం నెల ఉంటేనే కుండీ మార్చండి. లేకపోతే జూన్, జూలై దాకా వాయిదా వేయండి.

మన నర్సరీలకు వచ్చే చాలా మొక్కలు తూర్పు గోదావరి జిల్లాలోని కడియం వైపు నుంచి బంకమట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్ద ఒకసారి ఎండితే రాయిలా గట్టిపడుతుంది. పైన పోసిన నీరు పక్కనుంచి జారిపోయి కిందికి కారుతుంది. మీరు నీళ్లు పోశాననుకుంటారు, వేరు మాత్రం దాహంతో ఉంటుంది. కుండీ మార్చేటప్పుడు ఆ ముద్దను గంటసేపు బకెట్ నీళ్లలో నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో మెత్తగా రాల్చండి. మధ్యలోని వేరును కదపవద్దు.

కొత్త మిశ్రమం: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఏటి ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి. కుండీ పాతదాని కన్నా రెండు అంగుళాలు వెడల్పు ఉంటే చాలు. మట్టి కుండీ అయితే మరీ మంచిది. నల్ల ప్లాస్టిక్ కుండీ మే ఎండలో వేరును ఉడకబెడుతుంది.

నీళ్ల సంగతి

రోజూ చెంబెడు అనే లెక్క పెట్టుకోకండి. వేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా ఉంటే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి, తడిగా ఉంటే ఆ రోజుకు వదిలేయండి. అరకేరియా నీరు నిలిచినా చస్తుంది, పూర్తిగా ఎండినా చస్తుంది. తేడా ఏమిటంటే, ఎండితే కింది కొమ్మలను ముందుగా బలి ఇస్తుంది.

ఎంత నీరన్నదే కాదు, ఏ నీరన్నదీ ముఖ్యమే. చాలా ఇళ్లలో బోరు నీరు ఉప్పన. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర కడుతుంటే ఆకు కొనలు మాడటానికి కారణం అదే కావచ్చు. నీరు వృథా పోకూడదని ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిని మొక్కలకు పోసే మంచి మనుషులు చాలామంది ఉన్నారు. ఇల్లు కడగడానికి వాడండి గానీ దీనికి మాత్రం పోయవద్దు. వడపోతలో మిగిలిన లవణాలన్నీ ఆ నీటిలోనే చేరతాయి. వాన నీరు పట్టి ఉంచుకుంటే శ్రేష్ఠం. ఏసీ గొట్టం నుంచి కారే నీటిలోనూ లవణాలు దాదాపు ఉండవు, బకెట్ పెట్టి పట్టుకోండి. బోరు నీరే గతి అయితే నెలకొకసారి వాన నీటితోనో మంచి నీటితోనో కుండీని నిండా తడిపి, ఉప్పు కిందికి కొట్టుకుపోయేలా చేయండి.

అలంకరణ

కుండీ మొక్క ఇంట్లో ఉండవలసింది పది రోజులు, మహా అయితే రెండు వారాలు. కిటికీకి దగ్గరగా, ఫ్యాను గాలి, ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టండి. రెండు మూడు రోజులకొకసారి కుండీని పావు వంతు తిప్పితే ఒకే పక్కకు ఒరగదు.

బరువైన బంతులు వద్దు. అరకేరియా కొమ్మ బరువుకు ఒకసారి వంగితే బరువు తీశాక కూడా అలాగే వేలాడుతుంది. కాగితపు నక్షత్రాలు, రిబ్బన్లు, తేలికపాటి గంటలు చాలు. మంచు కోసం దూది అతికించడం మనవాళ్లకు మహా ఇష్టం. ఆ దూదిని జనవరిలో తీస్తున్నప్పుడు చూడాలి. ప్రతి సూదికీ ఒక పోగు చుట్టుకుని, లాగితే ఆకూ వస్తుంది, లాగకపోతే పోగు ఉంటుంది. ఆ పోగుల మధ్య పిండినల్లి చేరినా కనిపించదు. దూదిని కుండీ చుట్టూ, యేసు పుట్టుకను చూపే పశువుల పాక బొమ్మ చుట్టూ పరచుకోండి, కొమ్మల జోలికి పోవద్దు. మంచు స్ప్రే, మెరుపు పొడి, రంగులు కూడా ఆకు రంధ్రాలను మూసేస్తాయి.

శిఖరాన నక్షత్రం ఎలా అంటే, దాన్ని తీగతో కొనకు కట్టి లేత మొగ్గను నలిపేయకండి. కాండం వెనక కుండీలో సన్నని వెదురు బద్ద గుచ్చి, మొగ్గకు రెండు అంగుళాల పైదాకా వచ్చేలా చూసి, నక్షత్రాన్ని ఆ బద్దకు కట్టండి. ఎదురుగా చూసేవారికి బద్ద కనిపించదు.

సీరియల్ లైట్లు ఎల్ఈడీవే వాడండి, వేడి తక్కువ. అతుకులు బయటపడ్డ పాత తీగలు తడి మట్టి దగ్గర ప్రమాదం. నీళ్లు పోసే ముందు ప్లగ్ తీయండి, పడుకునే ముందు ఆర్పండి. కుండీకి మెరిసే కాగితం చుడితే అడుగున చిల్లు పెట్టండి. లేకపోతే నీళ్లు లోపలే నిలిచి వేరు కుళ్లుతుంది.

జనవరి నుంచి మే దాకా

పండుగ అయ్యాక మొక్కను ఒక్కసారిగా ఎండలోకి నెట్టవద్దు. ముందు వారం నీడ, తర్వాత ఉదయపు ఎండ. ఫిబ్రవరిలో ఒక గుప్పెడు వర్మీకంపోస్టు వేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఎరువు మాటే ఎత్తవద్దు.

మార్చి నెలాఖరుకే వేసవి ఏర్పాటు అయిపోవాలి. ఇంటికి ఉత్తరం లేదా తూర్పు పక్క చోటు చూడండి. మేడ మీదే ఉంచక తప్పకపోతే సగం ఎండను ఆపే పచ్చ నీడవల కట్టండి. కుండీని స్లాబు మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద నిలబెట్టండి, స్లాబు సెగ రాత్రి దాకా తగ్గదు. మట్టి పైన కొబ్బరి పీచు పరచండి. తక్కిన కుండీలను దీని చుట్టూ చేరిస్తే వాటి తేమ దీనికీ అందుతుంది. తెల్లవారుజామున నీళ్లు పోసి, సాయంత్రం వేలు పెట్టి చూసి అవసరమైతే మళ్లీ పోయండి.

పొడి వేడిలో వచ్చే శత్రువు ఎర్రనల్లి. ఆకులు దుమ్ము పట్టినట్టు వెలిసిపోతాయి. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టితే కాగితం మీద కదిలే చుక్కలు కనిపిస్తాయి. వరసగా కొన్ని సాయంత్రాలు ఆకులను నీటితో గట్టిగా కడిగితే చాలావరకు తగ్గుతుంది. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి, ముందు ఒక్క కొమ్మ మీద చల్లి చూసి, మాడకపోతే మిగతా చెట్టుకు ఎండ తగ్గాక చల్లండి.

కింది కొమ్మ ఒకటి గోధుమ రంగుకు తిరిగితే కంగారు పడకండి, కాండం దగ్గర కత్తిరించేయండి. వరసగా మూడు నాలుగు పోతుంటే మాత్రం నీరో, ఎండో, ఉప్పో, ఏదో ఒకటి లెక్క తప్పింది.

వానలు, ఆ తర్వాత నేల

మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరు వానలు చూసిన తిరుపతివారికి వేరే చెప్పనక్కరలేదు. ముసురు పట్టిన రోజుల్లో కుండీ కింది పళ్లెం తీసేయండి. మేడ మీద గాలికి పడకుండా గోడ వారగా జరపండి.

ఇంకో చెట్టు చేసుకుందామని అరకేరియా పక్క కొమ్మ తుంచి నాటేవారున్నారు. వేరు పట్టినా అది అడ్డంగానే పాకుతుంది, నిటారు చెట్టు కాదు. కొమ్మకు తాను కొమ్మనన్న సంగతి జన్మంతా గుర్తుంటుంది.

ఆరేడు అడుగులు దాటాక కుండీ చాలదు. నేలలో వేయాలంటే ముందు తల పైకెత్తి చూడండి. పుట్టినచోట ఇది యాభై మీటర్లు దాటే చెట్టు. కరెంటు తీగల కింద, ప్రహరీ పక్కన, సెప్టిక్ ట్యాంకు దగ్గర వద్దే వద్దు. ఇంటి గోడకు ఇరవై అడుగుల దూరమైనా లేని స్థలమైతే చర్చి ఆవరణకో, బడికో ఇవ్వడం మేలు. గుంత జూలైలో తవ్వి, మొదటి రెండు వేసవులు నీడ, నీళ్లు చూసుకునే మనిషి ఉంటేనే నాటండి. మీది కుక్ పైన్ అయి, పెరిగేకొద్దీ దక్షిణానికి ఒరుగుతుంటే పొరపాటున గుంజ పాతి లాగి కట్టకండి. ఆ జాతి చెట్లు భూమధ్యరేఖ వైపు వంగుతాయని, సగటున ఎనిమిదిన్నర డిగ్రీల దాకా ఒరుగుతాయని 2017లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. అందుకని నాటేటప్పుడే దక్షిణం పక్క కాస్త ఎక్కువ చోటు వదలండి.